బెర్గెన్ తీరమా, స్వాల్‌బార్డా? జూలైలో అమ్మానాన్నలతో ఆర్కిటిక్ ఓడ ప్రయాణం, సలహాలు కావాలి

కొండాపూర్_నలుగురం

నమస్తే అందరికీ. వచ్చే జూలైలో నార్వే ఫ్యోర్డుల (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన ఇరుకు సముద్రపు పాయలు) మీదుగా ఆర్కిటిక్ వైపు ఓడలో వెళ్దామని చూస్తున్నాం. నేను, మా ఆవిడ, నాన్న (68), అమ్మ (63). బయల్దేరేది హైదరాబాద్ నుంచే. ఇద్దరు ఏజెంట్లు రెండు రకాలుగా చెప్పారు.

ఒకాయన ప్లాన్: బెర్గెన్‌లో ఎక్కి తీరం వెంట రేవు రేవుకీ ఆగుతూ కిర్కెనెస్ దాకా, 7 రోజులు. రెండో ఆయనది: ట్రోమ్సోలో ఎక్కి సముద్రం దాటి స్వాల్‌బార్డ్ దీవులు తిరిగి లాంగ్‌యియర్‌బైన్‌లో దిగడం, 10 రోజులు. అక్కడ రేవులుండవు, రబ్బరు పడవల్లో ఒడ్డుకు దింపుతారట. రెండోదాని ధర మొదటిదానికి మూడింతలు.

నా సందేహాలు: (1) స్వాల్‌బార్డ్‌కి వీసా అక్కర్లేదని ఒకాయన, షెంగెన్ (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఉమ్మడి వీసా) తప్పనిసరి అని ఇంకొకాయన. ఎవరిది నిజం? ఎవరికీ ముందు షెంగెన్ వీసా లేదు. (2) నాన్నకి బీపీ, కుడి మోకాలు నొప్పి. చదునుగా ఉంటే రెండు కిలోమీటర్లు నడుస్తారు, మెట్లు మాత్రం నెమ్మది. రబ్బరు పడవ ఎక్కగలరా? (3) అమ్మ గుడ్డు కూడా ముట్టదు. (4) మా ఆవిడకి నార్తర్న్ లైట్స్ (రాత్రి ఆకాశంలో కనబడే రంగుల వెలుగులు) చూడాలని ఉంది. జూలైలో కనబడతాయా?

అడ్వాన్స్ ఈ నెలాఖరులోగా కట్టమంటున్నారు. కాస్త వివరంగా చెప్పగలరు.

---

రెండో_ఎంట్రీ

ముందు చివరి ప్రశ్న. జూలైలో అక్కడ చీకటే పడదు, లైట్లు ఎలా కనబడతాయి? ట్రోమ్సోలో సుమారు మే 20 నుంచి జూలై 22 దాకా సూర్యుడు అస్తమించడు. లాంగ్‌యియర్‌బైన్‌లో ఏప్రిల్ 20 ప్రాంతం నుంచి ఆగస్టు 22 దాకా అంతే. నార్తర్న్ లైట్స్ కావాలంటే సెప్టెంబరు చివరి నుంచి మార్చి దాకా రావాలి, అప్పుడు స్వాల్‌బార్డ్‌లో ఈ పడవ ప్రయాణాలు ఉండవు. రెండూ ఒకే ట్రిప్పులో చూపిస్తామనే ఏజెంటు దొరికితే ఫోన్ పెట్టేయండి.

ఇక వీసా. ఇద్దరు ఏజెంట్లూ సగం సగం నిజమే చెప్పారు. 1920 ఒప్పందం ప్రకారం స్వాల్‌బార్డ్ నార్వేదే, కానీ షెంగెన్‌లో లేదు, అక్కడ అడుగుపెట్టడానికి వీసా అడగరు. అయితే మన దగ్గర నుంచి అక్కడికి నేరుగా దారి లేదు. ఓస్లో, ట్రోమ్సోల మీదుగానే వెళ్లాలి, అవి షెంగెన్. మీ రెండో ప్లాన్‌నే లెక్కేసుకోండి. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఓస్లోలోనో దిగితే ఒక ఎంట్రీ. ట్రోమ్సో నుంచి ఓడ స్వాల్‌బార్డ్‌కి కదిలిందంటే షెంగెన్ దాటి బయటికెళ్లినట్టు. తిరుగు విమానం ఓస్లోలో దిగితే రెండో ఎంట్రీ. వీసా మీద ఎంట్రీల సంఖ్య 1 అని ఉంటే ఆ రెండోది చెల్లదు. ఇది లాంగ్‌యియర్‌బైన్‌లో తెలిస్తే చేయగలిగేది ఏమీ ఉండదు. చాలాసార్లు ఓడ ఎక్కే చోటే పాస్‌పోర్టు చూసి ఆపేస్తారు.

మొదటిసారి వీసా తీసుకునేవాళ్లకి అడక్కపోతే సింగిల్ ఎంట్రీ ఇచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి దరఖాస్తులోనే రెండు లేదా మల్టిపుల్ అని టిక్ చేయాలి. కవరింగ్ లెటర్‌లో మూడు ముక్కలు విడిగా కనబడాలి: ఫలానా తేదీన షెంగెన్‌లోకి వస్తాం, ఫలానా తేదీన ట్రోమ్సో నుంచి ఓడలో స్వాల్‌బార్డ్‌కి వెళ్తాం, ఫలానా తేదీన విమానంలో ఓస్లోకి తిరిగొస్తాం. ఓడ కంపెనీ ఇచ్చిన బుకింగ్ కాగితం, లాంగ్‌యియర్‌బైన్–ఓస్లో టికెట్ వెనకాల జత చేయండి. వీసా చేతికి రాగానే చూడాల్సింది ఫొటో కాదు, ఎంట్రీల గడి.

ఏ దేశానికి దరఖాస్తు చేయాలన్న దగ్గర ఇంకో మెలిక ఉంది. ఎక్కువ రోజులు ఉండే దేశానికి చేయాలన్నది రూలు. స్వాల్‌బార్డ్ రోజులు షెంగెన్ లెక్కలోకి రావు. ‘ఎలాగూ వెళ్తున్నాం కదా’ అని పారిస్‌లో నాలుగు రోజులు, నార్వే నేల మీద రెండు రోజులు పెట్టుకున్నారనుకోండి, మీ దరఖాస్తు ఫ్రాన్స్‌కి పోవాల్సినదని తిప్పి పంపవచ్చు. నార్వే మెయిన్‌ల్యాండ్‌లో మూడు నాలుగు రోజులు ఉంచి, మిగతా దేశాల్ని తగ్గించుకోండి.

ఇంతకన్నా పెద్ద చిక్కు తేదీలది. వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు, ఇంకా ముందు తీసుకోరు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, సాగితే 45 రోజులు. ఓడ కంపెనీలు బుకింగప్పుడు నాలుగో వంతో, ఐదో వంతో తీసుకుని, మిగతా మొత్తం బయల్దేరడానికి 90 రోజుల ముందు (కొన్ని 60) కట్టమంటాయి. ఆ తేదీ దాటాక రద్దు చేస్తే పోయేది చాలా ఎక్కువ. జూలై 10న ఓడ అనుకుందాం. జనవరి 10 తర్వాత వీసా తలుపు తెరుచుకుంటుంది. ఏప్రిల్ 11కి మిగతా డబ్బు కట్టాలి. జనవరి మూడో వారంలో అపాయింట్‌మెంట్ దొరికితే, 45 రోజులు పట్టినా మార్చి మొదటి పది రోజుల్లో తేలిపోతుంది. మనవాళ్లు సాధారణంగా చేసేది పరీక్షలయ్యాక, ఎండాకాలం సెలవుల్లో వీసాకి వెళ్లడం. ఏప్రిల్, మే నెలల్లో స్లాట్లు దొరకవు, అప్పటికి డబ్బంతా కట్టేసి ఉంటారు. కాబట్టి ఈ నెలాఖరున అడ్వాన్స్ కట్టేముందు ఏజెంటుని ఒక్కటే అడగండి: వీసా రాకపోతే ఏ తేదీ దాకా ఎంత తిరిగిస్తారు? జవాబు మెయిల్‌లో తెప్పించుకోండి.

మిగతావి త్వరగా చెప్పేస్తా. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, వీసా సెంటర్ సర్వీస్ చార్జీ వేరు. పాస్‌పోర్టు పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలి, షెంగెన్ నుంచి చివరిసారి బయటికొచ్చాక ఇంకో మూడు నెలలు చెల్లాలి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలు. అది వీసా కోసం మాత్రమే. ఓడ కంపెనీ అడిగే అత్యవసర తరలింపు కవర్ దీనికి చాలా పైన ఉంటుంది, ఎంతో వాళ్ల కాగితంలో చూసి తీసుకోండి. పాలసీలో ‘షెంగెన్ దేశాలు’ అని మాత్రమే ఉంటే స్వాల్‌బార్డ్ అందులోకి రాదు, ప్రపంచమంతా చెల్లే పాలసీ కావాలి. నాన్నగారి బీపీ ముందే రాసి చెప్పండి, దాచిపెడితే క్లెయిమ్ పోతుంది.

లండన్ మీదుగా టికెట్ చవగ్గా కనబడితే ఆగండి, మన పాస్‌పోర్టుకి అక్కడ విమానం మారడానికి కూడా విడిగా ట్రాన్సిట్ వీసా అవసరం పడొచ్చు. దోహా, దుబాయ్, ఫ్రాంక్‌ఫర్ట్ అయితే ఆ గొడవ లేదు. ఎవరైనా గ్రీన్‌లాండ్ కలిపిన ప్లాన్ అమ్మజూపితే గుర్తుంచుకోండి: మామూలు షెంగెన్ వీసా అక్కడ చెల్లదు, గ్రీన్‌లాండ్‌కి చెల్లుతుందని డెన్మార్క్ విడిగా రాసివ్వాలి.

ఇక్కడి ఏజెంటు దగ్గర ప్యాకేజీగా కొంటే టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. శాతం బడ్జెట్‌కో రకంగా మారుతోంది, కట్టే రోజు ఎంతుందో అడగండి. అది పోయే డబ్బు కాదు, ఎవరి పాన్ మీద కోశారో వాళ్ల ఆదాయపు పన్ను ఖాతాలో కనబడుతుంది, రిటర్న్‌లో సర్దుకోవచ్చు. రిటర్న్ వేయని అమ్మ పాన్ మీద కోయించుకుంటే, ఆ డబ్బు కోసమే ఆవిడ రిటర్న్ వేయాల్సొస్తుంది.

---

జోడియాక్_అంచు

వీసా సంగతి పైన తేలిపోయింది. నేను ఓడ, పడవ, మోకాలు గురించి చెప్తా.

ఆ రబ్బరు పడవని జోడియాక్ అంటారు. పది మంది దాకా కూర్చుంటారు, సీట్లుండవు, గాలి నింపిన గొట్టం అంచు మీదే కూర్చోవాలి. ఓడ పక్కన వేసిన నిచ్చెన మెట్లు దిగి, కింది చిన్న వేదిక మీద నుంచి పడవలోకి అడుగేయాలి. అలకి పడవ అర మీటరు పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. చేయి చేయి పట్టుకోకూడదు, ముంజేతిని ముంజేయి పట్టుకోవాలి, అరచేతులు తడికి జారిపోతాయి. పడవ సిబ్బంది ‘ఇప్పుడు’ అన్నప్పుడే అడుగు వేయాలి. వేశాక నిలబడకుండా వెంటనే కూర్చుని, అంచు మీదే పక్కకి జరగాలి. దిగడం రెండు రకాలు. బండ మీదకో చెక్క వేదిక మీదకో దిగితే పొడి ల్యాండింగ్. ఎక్కువసార్లు మాత్రం ఇసుక ఒడ్డున పడవ ఆపి, రెండు కాళ్లూ బయటికి తిప్పి, పిక్కల దాకా వచ్చే నీళ్లలోకి దిగాలి.

నాన్నగారి మోకాలికి ఓ ఇంటి పరీక్ష. ఆర్టీసీ సిటీ బస్సు, పాత రకంది, మొదటి మెట్టు ఎత్తుగా ఉండేది. కడ్డీ పట్టుకుని ఎవరి సాయం లేకుండా నాలుగైదుసార్లు ఎక్కి దిగగలరా? తర్వాత మోకాలెత్తు దివాన్ అంచు మీద కూర్చుని, చేతులు ఆన్చకుండా రెండు కాళ్లు ఒకేసారి అటు నుంచి ఇటు తిప్పగలరా? రెండూ చేస్తే జోడియాక్ కష్టం కాదు. మొదటిది ఒక్కటీ కుదరకపోతే స్వాల్‌బార్డ్‌కి అంత డబ్బు పోయకండి, సగం రోజులు ఓడ కిటికీలోంచే చూడాల్సొస్తుంది. ఆరు నెలల టైముంది కాబట్టి ఫిజియోథెరపీ ఇప్పుడే మొదలుపెట్టొచ్చు, తొడ కండరం గట్టిపడితే మోకాలి భారం తగ్గుతుంది.

ఒడ్డున నడక ఎంతన్నది భయపడాల్సిన విషయం కాదు. చాలా ఓడల్లో మూడు జట్లు చేస్తారు: దూరం నడిచేవాళ్లు, మధ్యరకం, నీటి ఒడ్డునే నిదానంగా తిరిగేవాళ్లు. మూడో జట్టులో వెళ్లొచ్చు. జట్టు విడిచి వెనకబడటం మాత్రం కుదరదు, ధ్రువపు ఎలుగుబంట్ల వల్ల ప్రతి జట్టుతో తుపాకీ ఉన్న గైడ్ ఉంటాడు, అందరూ ఆయన కనుచూపులోనే ఉండాలి. నేల చదును కాదు, గులకరాళ్లు, మెత్తటి నాచు. నడక కర్రలు రెండు తీసుకెళ్లండి, వాటి మొనలకి రబ్బరు తొడుగులు ఉండాలి.

ఇక ఓడ పరిమాణం. 2025 జనవరి 1 నుంచి స్వాల్‌బార్డ్‌లో నియమాలు బిగించారు. రక్షిత ప్రాంతాల్లో మనుషుల్ని దింపాలంటే ఓడలో ప్రయాణికులు 200కి మించకూడదు, దింపేది కూడా ఎంపిక చేసిన 43 చోట్లే. ఎలుగుబంటికి 300 మీటర్ల దూరం పాటించాలి, మార్చి 1 నుంచి జూన్ 30 దాకా 500 మీటర్లు. ఏజెంటు చూపించే వీడియోలో ఎలుగుబంటి ఓడ ముక్కు దగ్గరికొచ్చి నిలబడితే అది పాత వీడియో అనుకోండి. ఫోన్ కెమెరాతో అంత దూరంలో దొరికేది తెల్లటి చుక్క. 8x42 బైనాక్యులర్ ఒకటి నలుగురికీ కాదు, ఇద్దరికి ఒకటి కొనండి.

ఒకేసారి ఎక్కువ మందిని ఒడ్డున ఉంచరు. అందుకే 180 మంది ఓడ అయితే సగం మంది ఒడ్డున, సగం మంది పడవల్లో షికారు, తర్వాత మార్పిడి. 100 మంది ఓడలో ఈ వంతుల తిప్పలు ఉండవు, అందుకే వాటి ధర ఎక్కువ. నా దృష్టిలో డబ్బు పెట్టదగ్గది ఇక్కడే. బాల్కనీ గదికి కాదు. కింది డెక్, ఓడ మధ్యభాగం గది తీసుకోండి, ఊగడం అక్కడే తక్కువ. ధరా తక్కువే.

మీ రెండో ప్లాన్‌లో నాకు నచ్చనిది ట్రోమ్సో నుంచి ఎక్కించడం. ట్రోమ్సో నుంచి లాంగ్‌యియర్‌బైన్ 500 నాటికల్ మైళ్లకి పైనే, 13 నాట్ల (గంటకి 13 నాటికల్ మైళ్ల) వేగంతో నలభై గంటలు, మధ్యలో బియోర్నోయా (బేర్ ఐలాండ్) తప్ప నేల లేదు. బారెంట్స్ సముద్రం జూలైలో ప్రశాంతంగానే ఉండొచ్చు, గాలి లేస్తే మాత్రం తప్పించుకునే ఫ్యోర్డ్ ఉండదు. ఓస్లో నుంచి విమానంలో (సుమారు మూడు గంటలు) లాంగ్‌యియర్‌బైన్ చేరి అక్కడే ఎక్కి అక్కడే దిగే ఎనిమిది రోజుల ప్లాన్ ఉందేమో అడగండి. సముద్రం మీద పోయే రెండు రోజులు మిగులుతాయి. రెండు ఎంట్రీలు అప్పుడూ కావాల్సిందే.

నెల గురించి: జూన్‌లో కొండల మీద మంచు, ఉత్తరాన సముద్రపు మంచు ఉంటాయి, దీవుల చుట్టూ పూర్తిగా తిరగడం చాలా ఏళ్లలో కుదరదు. జూలై చివర, ఆగస్టు అయితే దారి తెరుచుకుంటుంది. కానీ అల్కెఫియెలెట్ కొండ అంచుల మీద గుడ్లు పెట్టే గిల్లెమాట్ పక్షులు ఆగస్టు మొదటి వారాల్లోనే పిల్లలతో సముద్రంలోకి దిగిపోతాయి. పక్షులూ కావాలి, దారీ తెరుచుకోవాలి అంటే జూలై రెండో సగం. ఔస్ట్‌ఫోన్నా హిమానీనదం అంచు, మంచు గోడ మీంచి జలపాతాలు పడే చోటు, వేసవి ముదిరాకే బాగుంటుంది.

కరపత్రంలో ‘నాలుగో రోజు ఫలానా ఫ్యోర్డ్’ అని రాసుంటే దాన్ని ఒట్టులా పట్టుకోకండి. మంచు, పొగమంచు, ఎలుగుబంటి, ఈ మూడింట్లో ఏదొచ్చినా ల్యాండింగ్ రద్దు. దిగాల్సిన ఒడ్డు మీద ఎలుగుబంటి కనబడితే ఆ చోటు ఆ రోజుకి దానిదే.

---

తీరం_వెంట

పై ఇద్దరూ స్వాల్‌బార్డ్ అని తీర్మానించేశారు. నేను ఒప్పుకోను. మోకాలు నొప్పి ఉన్న 68 ఏళ్ల ఆయన్ని తీసుకెళ్తూ మొదటి విదేశీ ఓడ ప్రయాణానికి జోడియాక్ ఎందుకు? బెర్గెన్–కిర్కెనెస్ దారిని తక్కువ చేసి చూడొద్దు. 1893 నుంచి ఉత్తరాలు, సరుకులు మోసిన దారి అది, ఇప్పటికీ స్థానికులు ఎక్కి దిగుతుంటారు. 34 రేవులు. నేరుగా రేవుకి ఆనిస్తారు, ర్యాంపు మీద నడిచి దిగడమే. నార్వే దాటి బయటికి వెళ్లరు కాబట్టి సింగిల్ ఎంట్రీ చాలు.

అయితే రెండు విషయాలు ఏజెంట్లు చెప్పరు. ఒకటి, 34 రేవుల్లో చాలావాటి దగ్గర పావుగంట, అరగంటే ఆగుతుంది, అందులో సగం అర్ధరాత్రి. తిరగడానికి సమయం దొరికేది ఓలెసుండ్, ట్రోండ్‌హైమ్, బోడో, ట్రోమ్సో, హోనింగ్స్‌వోగ్ లాంటి నాలుగైదు చోట్లే. హోనింగ్స్‌వోగ్‌లో దిగి బస్సులో నార్త్ కేప్ (71 డిగ్రీల 10 నిమిషాలు) వెళ్లడానికి విడిగా డబ్బు కట్టాలి, ముందే బుక్ చేసుకోవాలి. రెండు, ‘ఫ్యోర్డుల్లో ప్రయాణం’ అన్నా దారిలో ఎక్కువ భాగం దీవుల చాటున పోతుంది, ఆ చాటు లేని చోట్లు కొన్ని ఉన్నాయి: స్టాడ్, హుస్టాడ్‌విక, ఫోల్డా, లోఫోటెన్‌కి ముందు వెస్ట్‌ఫ్యోర్డ్. అక్కడ కొన్ని గంటలు ఊగుతుంది. వాంతుల మాత్ర వేసుకోవాల్సింది ఆ గంటల ముందు, ఊగడం మొదలయ్యాక కాదు.

ఫ్యోర్డ్ లోపల మాత్రం నీళ్లు అద్దంలా ఉంటాయి. హిమానీనదం లోయని లోతుగా తొలిచింది, మూతి దగ్గర మాత్రం మంచు పల్చబడి అంతగా తొలవలేదు. అందుకే సోగ్నే ఫ్యోర్డ్ లోపల 1,300 మీటర్ల లోతు, మూతి దగ్గర దానికి ఎన్నో రెట్లు తక్కువ. ఇరుకు దారి, వంపులు, మూతి దగ్గరి దీవులు బయటి అలని లోపలికి రానివ్వవు.

గైరాంగర్ ఫ్యోర్డ్ మీ ప్లాన్‌లో ఉందని చెప్తే మళ్లీ అడగండి. గైరాంగర్, నేరోయ్ ఫ్యోర్డులు 2005 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. 2026 జనవరి 1 నుంచి 10,000 గ్రాస్ టన్నేజీ (ఓడ లోపలి పరిమాణానికి కొలత) లోపు ప్రయాణికుల ఓడలు పొగ లేకుండానే వాటిలోకి రావాలి, అంతకన్నా పెద్దవాటికి 2032 దాకా గడువు. దానివల్ల చిన్న ఎక్స్‌పెడిషన్ ఓడలు కొన్ని ఆ ఫ్యోర్డుల్ని వదిలి పక్క ఫ్యోర్డులకి మళ్లుతున్నాయి. పాత కరపత్రం పట్టుకుని అమ్మేవాళ్లున్నారు.

---

కొండాపూర్_నలుగురం

చాలా థాంక్స్ అండి ముగ్గురికీ. నాన్న చేత బస్సు పరీక్ష చేయించా. కడ్డీ పట్టుకుని అయిదుసార్లు ఎక్కారు, ఎక్కి ‘ఇంతేనా’ అన్నారు. లాంగ్‌యియర్‌బైన్‌లో ఎక్కి దిగే ప్లాన్ అడుగుతున్నాం. అమ్మ తిండి, బట్టల గురించి ఎవరైనా చెప్పండి. ఆవిడ చీర తప్ప ఏదీ కట్టదు. మాత్ర ఏది?

---

కందిపొడి_డబ్బా

తిండి నుంచి మొదలెడతా. బుకింగ్ ఫారంలో ‘వెజిటేరియన్’ అని ఒక్క మాట రాసి వదిలేయకండి. గుడ్డు, చేప, రొయ్య, మాంసం, వాటి ఉడకబెట్టిన నీళ్లు, జెలటిన్ ఇవేవీ వద్దు, పాలు పెరుగు పర్లేదు అని విడివిడిగా రాయండి. చేప తింటే శాకాహారమే అనుకునే వంటగదులు ఉన్నాయి, సూపులో చేప నీళ్లు కనబడవు కూడా. ఇది రెండు నెలల ముందే చేరాలి. లాంగ్‌యియర్‌బైన్ వదిలాక ఓడకి కూరగాయలు ఎక్కించే చోటుండదు, ఉన్న సరుకుతోనే నడవాలి. ఎక్కిన మొదటి పూటే హోటల్ మేనేజర్‌ని కలిసి అమ్మగారిని చూపించండి.

ఇంటి నుంచి తీసుకెళ్లేవాటిలో పెద్ద పొరపాటు నెయ్యి. యూరప్ ఆర్థిక ప్రాంతం బయటి నుంచి పాల పదార్థాలు, మాంసం తేకూడదని నార్వే నియమం. నెయ్యి, పనీర్, పాలకోవా, పాలపొడి అన్నీ అందులోకే వస్తాయి. దారిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగినా అదే రూలు. పచ్చి బంగాళాదుంపలు కూడా వద్దు. కందిపొడి, కరివేపాకు పొడి, పులిహోర పేస్టు, గోంగూర పచ్చడి, అటుకులు నిరభ్యంతరంగా పట్టుకెళ్లొచ్చు. పచ్చడి కంపెనీ సీలుతో ఉన్నదే తీసుకోండి, రెండు జిప్ కవర్లలో వేసి చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. చేతి సంచిలో పెడితే నూనె ద్రవం కిందకొస్తుంది, శంషాబాద్‌లోనే తీసేస్తారు.

చిన్న రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ కెటిల్, ఇస్త్రీ పెట్టె తీసుకెళ్లకండి. వేడెక్కే కాయిల్ ఉన్న ఏదైనా గదిలో వాడనివ్వరు, నడిసముద్రంలో నిప్పు కన్నా పెద్ద భయం ఓడకి లేదు. ఎక్కేటప్పుడే తీసి పక్కన పెడతారు. వేడినీళ్లు లౌంజిలో రోజంతా దొరుకుతాయి, ఫ్లాస్కు పట్టుకెళితే అటుకులు గదిలోనే నానబెట్టుకోవచ్చు. అన్నం దొరుకుతుంది. పొడిపొడిగా ఉంటుంది, పెరుగన్నానికి కుదరదు, ఆ మాట అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.

చీర భోజనాల హాల్లో హాయిగా కట్టుకోవచ్చు. జోడియాక్‌కి మాత్రం కుదరదు. రబ్బరు బూట్లు, వాటి మీద వాటర్‌ప్రూఫ్ ప్యాంటు లేకుండా పడవ ఎక్కనివ్వరు. ఇది బయల్దేరే రోజు తేల్చే విషయం కాదు. ఇప్పుడే ఒక ట్రాక్ ప్యాంటు కొనిచ్చి సాయంత్రం నడకకి అలవాటు చేయించండి.

వేసుకునే పద్ధతి: ఒంటికి ఆనుకుని మెరినో ఉన్ని లేదా పాలిస్టర్ థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన గాలి, నీరు చొరబడని జాకెట్. కాటన్ బనియన్ లోపల వేసుకుంటే మొత్తం దండగ. చెమటకో నీటికో తడిసిన నూలు ఆరదు, ఒంటి వేడి లాగేస్తుంది. మన హోజరీ షాపుల్లో థర్మల్ అని అమ్మేవాటిలో చాలావరకు నూలు కలిసే ఉంటుంది, చీటీ చదవండి. జూలైలో అక్కడ పగలు 3 నుంచి 8 డిగ్రీలే, అది నిలబడ్డప్పుడు. గాలికి ఎదురుగా పడవలో గంట కూర్చుంటే ఇంకా దిగినట్టే ఉంటుంది. హైదరాబాద్ షాపుల్లో చలిబట్టలు డిసెంబరు, జనవరిలోనే సరిగా దొరుకుతాయి. మే నెలలో వెళ్తే షాపువాడు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు.

వాటర్‌ప్రూఫ్ ప్యాంటు చివర బూటు లోపలికి దోపకూడదు, బూటు బయటికే వదలాలి. లోపలికి దోపితే అల వచ్చినప్పుడు నీళ్లు నేరుగా బూటులోకి దిగుతాయి. బూట్లు చాలా ఓడల్లో అక్కడే ఇస్తారు, సైజు యూరప్ నంబర్లో అడుగుతారు, మందపాటి మేజోడు వేసుకుని కొలిచి ఒక సైజు ఎక్కువ రాయండి. జాకెట్ కూడా కొన్ని కంపెనీలు ఇస్తాయి, అడిగి తెలుసుకోకుండా నాలుగు జాకెట్లు కొనేసి బ్యాగేజీ నింపుకోకండి. చేతికి లోపల పల్చని తొడుగు, పైన నీళ్లు చొరని మందపాటిది. కళ్లజోడు నల్లటిది తప్పదు, మంచు మీద ఎండ కళ్లలో గుచ్చుతుంది.

మొదటి ల్యాండింగ్‌కి ముందు సిబ్బంది అందరి బట్టలు, సంచులు, కర్రల మొనలు వాక్యూమ్ చేయిస్తారు, వెల్క్రోలో ఇరుక్కున్న గడ్డిగింజలు ఏరిస్తారు. బయటి విత్తనం ఆ నేల మీద పడకూడదని. ఆ పని ఇంట్లోనే చేసుకెళ్తే గంట మిగులుతుంది.

వాంతుల మాత్ర: మన దగ్గర ఎక్కువగా వాడేది అవొమిన్ (ప్రొమెథజైన్), కొందరు మెక్లిజైన్. ఏదైనా ఊగడానికి గంట ముందే. వాంతి మొదలయ్యాక మాత్ర కడుపులో నిలవదు. రెండూ మత్తునిస్తాయి, నోరు ఎండబెడతాయి. ప్రొస్టేట్ వాపు, గ్లకోమా ఉన్నవాళ్లకి ప్రమాదం, 68 ఏళ్ల మగవాళ్లలో ఆ మొదటిది తెలియకుండానే ఉండొచ్చు. నాన్నగారు బీపీ మాత్రలతో కలిపి వేసుకోవచ్చా అని డాక్టర్ని అడిగి, ఇక్కడే ఇంట్లో ఒకసారి వేసి చూడండి. అది మింగి మత్తులో నిచ్చెన దిగడం మాత్రం వద్దు. రోజూ వేసుకునే మందులు రెండింతలు తీసుకెళ్లి, ఒక సెట్టు చేతి సంచిలో ఉంచండి. లాంగ్‌యియర్‌బైన్ ఆసుపత్రి చిన్నది, పెద్ద సమస్య అయితే ట్రోమ్సోకి విమానంలో పంపిస్తారు. పాలసీలో తరలింపు కవర్ గట్టిగా ఉండాలని పైన చెప్పింది అందుకే.

---

రెండో_ఎంట్రీ

కందిపొడి గారి పోస్టుకి ఒక చేర్పు. ఓడ ఎక్కే రోజే లాంగ్‌యియర్‌బైన్‌లో దిగేలా టికెట్ తీసుకోకండి. పెట్టె ఓస్లోలో ఆగిపోతే మర్నాటికే వస్తుంది, అప్పటికి ఓడ వెళ్లిపోతుంది, వెంటపడి అందించే రోడ్డు లేదు. ఒక రాత్రి ముందు చేరండి. హోటళ్లు తక్కువ, గదులు నెలల ముందే నిండుతాయి. ఒక జత చలిబట్టలు, మందులు చేతి సంచిలోనే.

---

కొండాపూర్_నలుగురం

అర్థమైంది. చివరిగా రెండు చిన్న ప్రశ్నలు. కొత్త ప్లాన్‌లో నీ-ఓలెసుండ్ (స్వాల్‌బార్డ్‌లో పరిశోధకులుండే ఊరు) ఉంది, అక్కడ మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం చూడొచ్చా? నాన్న రోజూ సంధ్యావందనం చేస్తారు, సూర్యుడు అస్తమించని చోట ఎలా?

---

జోడియాక్_అంచు

హిమాద్రి 2008లో మొదలైంది, నీ-ఓలెసుండ్ 79 డిగ్రీలకి కాస్త కింద ఉంది. భవనం బయటి నుంచి చూడొచ్చు, ఫొటో తీసుకోవచ్చు. లోపలికి పంపరు, అది పనిచేస్తున్న పరిశోధన కేంద్రం. ఊళ్లో రోడ్డు దాటి గడ్డి మీద అడుగు వేయకూడదు, ఆర్కిటిక్ టెర్న్ అనే సముద్రపు పక్షులు అక్కడే గుడ్లు పెడతాయి, దగ్గరికెళ్తే నెత్తిన పొడుస్తాయి. నడక కర్ర తలకన్నా ఎత్తుగా పట్టుకుంటే అవి కర్ర చివరనే పొడుస్తాయి.

ఆ ఊరు రేడియో మౌనం పాటిస్తుంది, రేడియో సంకేతాలు అక్కడి పరికరాల కొలతల్ని చెడగొడతాయి. ఓడ దగ్గరవుతుండగానే వైఫై, బ్లూటూత్ ఆపమంటారు. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి అయిపోయిందనుకుంటారు. చేతి గడియారం, చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్స్, కెమెరాలో ఉండే వైఫై మర్చిపోతారు. ఒడ్డుకు వెళ్లేముందు గదిలోనే నలుగురివీ ఒక్కొక్కటీ చూసి ఆపండి. స్వాల్‌బార్డ్‌లో ఎక్కడైనా 1946కి ముందు నాటి మేకు ముక్క, ఎముక, చెక్క కనబడితే తీయకండి, అవన్నీ చట్టం కింద రక్షిత వస్తువులు.

సంధ్యావందనం సంగతి ఇంట్లో పెద్దల్నే అడగాలి. గడియారం లెక్కన చేయమంటే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి: వేసవిలో అక్కడి టైము మనకన్నా మూడున్నర గంటలు వెనక. నాన్నగారి చేతి గడియారం హైదరాబాద్ టైములోనే ఉంచేసి, ఓడ టైముకి గదిలో అలారం గడియారం ఒకటి పెట్టుకోండి. బీపీ మాత్రలూ ఏ గడియారం ప్రకారమో ముందే తేల్చుకోండి, రాత్రి పన్నెండింటికి కూడా పట్టపగలులాగే ఉంటే రాత్రి మాత్ర మర్చిపోతారు.